కట్టంగూర్ కాడ విప్పిన పెట్రోలు పైపు

నా చిన్నప్పుడు నకిరేకల్ మొత్తానికి ఒక్కటే ఫారిన్ కారు ఉండేది. అది మా వాడకట్టుల సగం పొడుగుండేదని నా మనవలకు చెప్తుంట. అంత లేదు గాని, మా ఇంటికంటె మాత్రం పొడుగే. రైసుమిల్లు సేటుది. ఆయన బావమరిది గల్ఫ్ నుంచి ఓడల ఎక్కిచ్చి పంపిండట. దాన్ని నడిపేటోడు, దానికి రోగమొస్తే చూసేటోడు మా పక్కింటి మామనే. మామ కొన్నేండ్లు దుబాయిల ఒక గ్యారేజిల పని చేసొచ్చిండు. మాది చర్చికి పొయ్యే ఇల్లు, ఆయనది మసీదుకు పొయ్యే ఇల్లు. నడుమ ఒక్కటే గోడ, అది గూడ నడుమెత్తే. ఒకరింట్ల వండిన కూర వాసన ఇంకొకరి పళ్లెంల దాకా వచ్చేది.

ఆ యేడు మా అక్కకు నల్లగొండల పంతులమ్మ ఉద్యోగానికి ఇంటర్వ్యూ పడ్డది. మా బాపు, అమ్మ ఇద్దరూ కూలికి పోయేటోళ్లు. నెల జీతమన్నది మా ఇంట్ల అప్పటిదాకా ఎవరికీ ఎరుకలేదు. తెల్లారితే ఇంటర్వ్యూ అనంగ బస్సులు బంద్ అయినయి. అక్క ఏడ్వలేదు గాని అన్నం ముట్టలేదు. ఆ సంగతి గోడ అవతలికి ఎట్ల చేరిందో, పొద్దున్నే మామ కారు మా వాకిట్ల ఆపి, "సేటును తోలుకొచ్చేటందుకు నల్లగొండకు ఖాళీగనే పోతున్న, ఎక్కు బిడ్డా" అన్నడు. అక్కకు తోడని నేను గూడ ఎక్కిన. తోడు అక్కరలేదు ఆమెకు. కారే అక్కర నాకు.

కట్టంగూర్ దాటినంక కారు ఎగిరెగిరి పడ్డది. గుంజుతది, సోలుతది, మళ్ల గుంజుతది. మామ పక్కకు తీసి ఒక వేపచెట్టు నీడల ఆపిండు. పెట్రోలును వడగట్టే ఫిల్టరు మూసుకపోయిందట. సేటు డ్రమ్ముల పెట్రోలు చవుకని పోయించిన ఫలితం. కొత్త ఫిల్టరు డిక్కీల ఉండనే ఉంది. "ఇంకేంది మామా, పాతది విప్పు, కొత్తది బిగించు" అన్నది అక్క. నాకూ అట్లనే అనిపించింది. మా ఊరి అంబాసిడర్ డ్రైవర్లు నోట్ల బీడీ పెట్టుకోనే ఆ పని చెయ్యంగ చూసినోణ్ని.

"ఇది గా కార్ల లెక్క కాదు బిడ్డా. దీంట్ల మోటరు పెట్రోలును జోరుగ నూకుతది. ఇంజన్ ఆపినా పైపుల ఆ జోరు పోదు. గిప్పుడు విప్పితె కాలుతున్న ఇంజన్ మీదనే చిమ్ముతది" అన్నడు మామ.

ఇంతల జనం జమైండ్రు. వెయ్యిమంది అని చెప్తుంట, పదిమంది ఉండొచ్చు. సగం మంది నోట్ల బీడీలు. పెట్రోలు పని, దూరం జరుగుండ్రి అంటె ఇంకింత దగ్గరికొచ్చిండ్రు. ఒక పెద్దమనిషైతె బానెట్ల తలకాయ పెట్టి, పెట్రోలు ఏడుందో చూపెట్టమన్నడు. మామ కోపం చెయ్యలే. తువ్వాల దులుపుకుంట, "మంచిగొచ్చిండ్రన్నా! దీన్ని నల్లగొండ దాకా నూకాలె. మీ అసొంటి బలమున్నోళ్ల కోసమే చూస్తున్న" అన్నడు. ఒకనికి బర్రె యాదికొచ్చింది, ఇంకొకనికి పొలం కాడ మోటరు యాదికొచ్చింది. చూస్తుండంగనే జాగా ఖాళీ. బీడీలు గూడ వాళ్లతోనే పోయినయి.

ఆ తర్వాత మామ చేసింది చూసి అక్క నెత్తి కొట్టుకున్నది. పెట్రోలు మోటరుకు కరెంటు పొయ్యే ఫ్యూజు పీకి, కారు స్టార్టు చేసిండు. ఇంజన్ పైపుల మిగిలిన పెట్రోలు తాగి తాగి, దగ్గి దగ్గి, దానంతటదే ఆగింది. మళ్ల తాళం తిప్పితె లేవలే. అప్పుడు గాని మామ మొఖం తేటగ కాలే. ట్యాంకు మూత విప్పి లోపలి గాలి పోనిచ్చిండు, బ్యాటరీ వైరు తీసిండు, వచ్చి చెట్టు కింద కూసున్నడు. ఇంజన్ సల్లారాలట.

ఆ కూసునుడే మా అక్క పానం తీసింది. రోడ్డు మీద లారీలకు చెయ్యి పెట్టింది, ఒక్కటీ ఆగలే. వెనక్కొచ్చి, "నీ కారు సల్లారేసరికి నా నౌకరి సల్లారుతది మామా!" అని అరిచింది. మామ అంగీ చెయ్యి పైకి మలిచి చూపిచ్చిండు. మోచేతి నుంచి మణికట్టు దాకా తోలు కాలి ముడుసుకపోయి ఉంది. దుబాయిల ఆయన పక్కన పనిచేసే పోరడు జల్దీల పైపు విప్పిండట. "తొందర వానిది, చెయ్యి నాది. లేటయితె నేనొచ్చి ఆ ఆఫీసర్ కాళ్లు పట్టుకుంట. పెట్రోలు కాళ్లు పట్టుకుంటె ఇనదు బిడ్డా" అన్నడు. అక్క సర్టిఫికెట్ల సంచి ఒళ్లె పెట్టుకొని ఆయన పక్కనే కూసున్నది.

ఇంజన్ మీద అరచెయ్యి ఆనించి చూసుకొని మామ లేచిండు. కండ్లకు అద్దాలు పెట్టిండు. పైపు అతుకు చుట్టూ తువ్వాల మందంగ చుట్టి, పానాతోని ఇంతంత, ఇంతంత తిప్పిండు. అప్పుడు చూడాలె! బుస్సుమని పెట్రోలు తాటిచెట్టంత ఎత్తు లేచింది. మామ ఒంటిచేత్తోని దాన్ని ఒడిసిపట్టిండు. నేను అక్కను ఇవతలికి గుంజి కాపాడిన...

ఏండ్ల సంది గిట్లనే చెప్తున్న. మనవలు నోరు తెరుసుకొని ఇంటరు. నిజం చెప్పాల్నంటె, ఏం కాలే. తువ్వాల ఒక మూల తడిసింది, అంతే. నేనైతె రోడ్డు వారకు మామ కూసోబెట్టిన రాయి మీదికెల్లి లేవనే లేదు. మామ కొత్త ఫిల్టరు బిగించి, తడి తువ్వాల దూరంగ ఆరేసి, ట్యాంకు మూత పెట్టి, వైరు, ఫ్యూజు మళ్ల తగిలిచ్చి, ఇంజన్ లేపకుండ తాళం మాత్రం తిప్పి తిప్పి, అతుకుల కాడ తడి ఉందేమోనని వేలితోని తడిమి చూసిండు. ఆ తర్వాతనే మమ్మల్ని ఎక్కమన్నడు. నాకు మస్తు నారాజైంది. ఇంతసేపు ఆగింది గీ మాత్రానికేనా అనుకున్న.

నల్లగొండల అక్క పేరు ఒకసారి పిలిచి దాటేసిండ్రట. మామ కాళ్లు పట్టుకోలే గాని, మసి చేతులు జోడించి బంట్రోతు ముందల నిలబడ్డడు. బంట్రోతు లోపలికి పోయి వచ్చి, ఆఖర్ల పిలుస్తరని చెప్పిండు. అక్క కొంగు సదురుకొని, ఒంటి మీద ఒక్క మరక లేకుండ లోపలికి పోయింది. ఆ నెల కాదు, పై నెల ఉద్యోగం వచ్చింది. మా ఇంట్ల మొదటి జీతం ఆమెదే.

మంటలు లేస్తే చెప్పుకోవడానికి కథ ఉంటది. ఏం కాని రోజుకు కథ ఏడిది? అందుకే ఇన్నేండ్లు లేనిదంత కల్పించి చెప్పిన. ఆ రోజు ఏం కాకపోవుడే మామ చేసిన పని అని నాకు నెత్తి నెరిసినంక గాని సమజు కాలే. ఇప్పుడు ఏ ఇంట్లనన్న, ఏ పనిలనన్న అంతా సాఫీగ జరిగిపోతె, దీంట్ల ఏముందిలే అని నోటిదాకా వచ్చిన మాట మింగుత. ఓ మూలకు నిలబడి ఎవరు చేతులు తుడుసుకుంటున్నరో వెతుకుత.