తమ్ముడు తాగని నీళ్ళు

మెడలో టేపు లేకుండా ఆవిడని వీధిలో ఎవరూ చూడలేదు. అందుకే టేపు పెద్దమ్మ అన్నారు, ఆ పేరే స్థిరపడిపోయింది. ముందు గదిలో రెండు కుట్టుమిషన్లు, కత్తిరింపుల బల్ల, గోడకి వేలాడే స్కూలు యూనిఫాంలు. వెనక గదిలో కాపురం. అల్లుడు ఓడలో వంటవాడు, ఏడాదిలో పది నెలలు సముద్రం మీదే ఉంటాడు. కూతురు బస్సు కండక్టరు. తెల్లారకముందే డ్యూటీకి వెళ్తే మధ్యాహ్నం మూడు దాటితే గానీ ఇల్లు చేరదు. రెండేళ్ళ మనవరాలు బుడ్డి పగలంతా పెద్దమ్మ కాళ్ళ దగ్గర గుడ్డపీలికలతో ఆడుకుంటూ ఉంటుంది.

ఆ వారం బుడ్డికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. వీధి చివరి డాక్టరమ్మ చూసి, అసలు మందు ఇదేనంటూ ఓఆర్ఎస్ ప్యాకెట్లు చేతిలో పెట్టింది. కాచి చల్లార్చిన లీటరు నీళ్ళలో ప్యాకెట్టు మొత్తం కలపాలి. ఒక్కసారిగా పట్టించకూడదు, రెండు నిమిషాలకో చెంచా. కక్కితే పది నిమిషాలు ఆగి మళ్ళీ మొదలుపెట్టాలి. ఆరు గంటలు మూత్రం పోయకపోయినా, ఏడుస్తుంటే కన్నీళ్ళు రాకపోయినా, పిల్ల మత్తుగా వాలిపోయినా ఆలోచించకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

మర్నాడు కూతురికి సెలవు దొరకలేదు. చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుంటూ, "నువ్వున్నావుగా అమ్మా, నాకేం భయం లేదు" అంది. 

అలాంటి మాటే ఆవిడ తొమ్మిదేళ్ళప్పుడూ విన్నది. తమ్ముడికి మూడేళ్ళు, జబ్బు ఇదే. తల్లి గ్లాసు నిండా ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళు పోసి, నువ్వున్నావుగా అంటూ, తను వచ్చేలోపు తాగించమని చెప్పి మిల్లుకి వెళ్ళింది. వాడు పళ్ళు బిగించాడు. ఆవిడ బతిమాలింది, బెదిరించింది, చివరికి ముక్కు మూసింది. వాడు గుక్కపట్టేసరికి హడలిపోయి వదిలేసింది. బయట తోటి పిల్లలు పిలుస్తున్నారు. నీళ్ళు కిటికీలోంచి పారబోసి ఆడుకోవడానికి పోయింది. సాయంత్రం తల్లి అడిగితే ఖాళీ గ్లాసు చూపించి, "మొత్తం తాగాడమ్మా" అంది. తల్లి ఊపిరి పీల్చుకుంది. వాడు నిద్రపోతున్నాడు కదా అని ఇంకేమీ పట్టించలేదు. మర్నాడు పొద్దెక్కేసరికి వాడు లేడు.

పరామర్శకి వచ్చిన ప్రతివాళ్ళకీ తల్లి ఒకటే చెప్పింది. "నా కూతురు గ్లాసెడు నీళ్ళు చుక్క మిగలకుండా పట్టించింది. అయినా వాడు నిలవలేదు." విన్నవాళ్ళు ఆ పిల్ల తల నిమిరారు. ఆ తర్వాత ముప్ఫై ఏళ్ళు, పెళ్ళిళ్ళలో, రైళ్ళలో, అరుగు మీద కూర్చున్నప్పుడు, తల్లి ఆ మాట చెబుతూనే ఉంది. తల్లి పోయింది. మాట మాత్రం ఆ ఇంట్లోనే ఉండిపోయింది.

బుడ్డి మొదటి చెంచా ఉమ్మేసింది. రెండోది మింగింది. మూడో చెంచాకి మూతి బిగించి, తల పక్కకి తిప్పి, చెంచాని ఓరకంట చూసింది. అచ్చం తమ్ముడి చూపే. బల్ల కింద ఎవరో మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నట్టనిపించి పెద్దమ్మ వంగి చూసింది. పీలికల మూట తప్ప ఏమీ లేదు.

పదింటికి కూతురు డిపో నుంచి ఫోన్ చేసింది, ఎంత తాగిందని. బాగానే తాగిందనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఎంత తేలిగ్గా వచ్చిందో చూసుకుని ఆవిడ భయపడింది. "మూడు చెంచాలే లోపలికి పోయాయి" అంది. కూతురు విసుక్కుంది, ఆ తర్వాత ఏడ్చింది.

పెద్దమ్మ గుడ్డ మీద గుర్తులు పెట్టే సుద్ద తీసింది. తాగిన ప్రతి చెంచాకీ బల్ల మీద ఒక గీత, కక్కితే ఆ గీత మీద ఇంటూ గుర్తు. మెడలో టేపు తీసి, బొజ్జ ఎంత పెరిగిందో కొలుద్దామంది. బుడ్డి గౌను పైకెత్తి నిలబడింది. చెంచా తాగితే కొలత. టేపు చల్లగా తగిలితే కిలకిలమని నవ్వింది. అలా పద్నాలుగు గీతలయ్యాయి. అంతలో ఒక్కసారిగా కక్కింది. పెద్దమ్మ పది నిమిషాలు ఆగి మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి బుడ్డి టేపు వైపు కూడా చూడలేదు. ఏడ్చింది, కళ్ళు మాత్రం పొడిగానే ఉన్నాయి. పొద్దున ఆరింటికి వేసిన లంగోటా పన్నెండైనా తడవలేదు. తర్వాత ఏడుపు కూడా మానేసి భుజం మీదకి వాలిపోయింది.

తమ్ముడూ అలాగే నిద్రపోయాడు.

ఆవిడ మిషన్ మీద మూత కూడా వేయలేదు. పిల్లని ఎత్తుకుని ఆటో ఎక్కి, దారిలోనే కూతురికి ఫోన్ చేసింది. "నా వల్ల కాలేదమ్మా. చాలినంత తాగలేదు. ఆసుపత్రికి తీసుకెళ్తున్నా, నువ్వొచ్చెయ్."

ఆసుపత్రిలో నర్సు, నీళ్ళు బాగా తాగిందా అని అడిగింది. పెద్దమ్మ, మొత్తం పద్దెనిమిది చెంచాలు, కనీసం సగం కక్కేసింది, ఆరింటి నుంచి మూత్రం లేదు అని చెప్పింది. నర్సు తలెత్తి చూసి, "ఇలా చెప్పేవాళ్ళుంటే మా పని సగం అయిపోయినట్టే. అందరూ తాగిందనే అంటారు" అంది. వెంటనే సెలైన్ పెట్టారు. నాలుగున్నరకి బుడ్డి పెద్దమ్మ ఒళ్ళంతా తడిపేసింది. ఆవిడ ఆ తడి చీరతోనే కూర్చుంది, మార్చుకోమన్నా వినలేదు.

అప్పటికే వచ్చిన కూతురు యూనిఫాంలోనే పక్కన కూర్చుని, అమ్మ ఉండబట్టి పిల్ల దక్కిందని నర్సుకి చెబుతోంది. పెద్దమ్మ ఆ మాట భరించలేకపోయింది. నర్సు వెళ్ళాక, యాభై ఏళ్ళుగా ఎవరికీ చెప్పనిది కూతురికి చెప్పేసింది.

కూతురు బుడ్డి కాళ్ళ మీద దుప్పటి సర్దింది. తర్వాత మెల్లగా అడిగింది. "అవి పంచదార నీళ్ళు కదమ్మా. కిటికీ కింద చీమలు పట్టి ఉండవూ? ఆ రోజు కాకపోతే మర్నాడైనా అమ్మమ్మ చూసి ఉండదూ?"

పెద్దమ్మకి ఆ ఆలోచన ఎన్నడూ రాలేదు.

మూడో రోజు బుడ్డి ఇంటికొచ్చింది, వారం తిరిగేసరికి మునుపటిలా పీలికలు చిందరవందర చేస్తోంది. పెద్దమ్మ మాత్రం మిషన్ తొక్కుతూ తొక్కుతూ ఆగిపోతోంది. తల్లికి తెలిసే అలా చెప్పిందా? తెలిస్తే, బిడ్డ మీద నింద పడకూడదని చెప్పిందా, బిడ్డ వింటూ ఉండాలని చెప్పిందా? తల్లి ముఖం చూసుంటే తెలిసేది. ఆ మాట మొదలైనప్పుడల్లా పెద్దమ్మ నేల చూపులు చూసేది. ముప్ఫై ఏళ్ళలో ఒక్కసారి కూడా తల ఎత్తలేదు.