పెద్దపీట వేసిన ప్రోగ్రాం

బట్టలకు రంగులద్దే మిల్లులో బాయిలర్ పక్క గదిలో ఆవిడ ఆపరేటర్. అక్కడున్న ఒక్క కంప్యూటరే ఆవిరి పీడనాన్ని కనిపెట్టుకుని ఉండేది. పీడనం హద్దు దాటితే మంట తగ్గించి సైరన్ మోగించేది. ఇంధనం ఖర్చు అంచనా వేసే కొత్త ప్రోగ్రామును కూడా మేనేజరు అందులోనే పెట్టించాడు. ఆ లెక్క నత్తనడక నడుస్తోందని రోజూ ఆవిడ ప్రాణం తోడేసేవాడు.

మిల్లు కంప్యూటర్లు బాగుచేసేది ఆవిడ మరిదే. లెక్క త్వరగా తేలే దారేమైనా ఉందా అని అతన్ని అడిగింది.

“ప్రయారిటీ పెంచొచ్చు గానీ వద్దు వదినా,” అన్నాడు. “ప్రోగ్రాములన్నిటికీ ఆపరేటింగ్ సిస్టమే వంతులు వేస్తుంది. ఎవడైనా ప్రాసెసర్‌ని పట్టుకుని వేలాడితే మెడపట్టి దించేసి ఇంకొకణ్ణి ఎక్కిస్తుంది. మీరే ఒకడికి పెద్దపీట వేశారనుకోండి, ఇక వాణ్ణి దించదు. మిగతావాళ్లు నోరెండబెట్టుకుని కూర్చోవాల్సిందే.”

“ఒక్క పూటకేగా!”

“ఆ పూటే కొంప ముంచొచ్చు.”

ఒక మధ్యాహ్నం మేనేజరు ఫోన్లో మళ్లీ అరిచాడు. ఆవిడ విసిగిపోయి ఆ లెక్కల ప్రోగ్రాం ప్రయారిటీని అన్నిటికన్నా పై మెట్టుకు పెంచేసింది. కాసేపటికి కంప్యూటర్ లోపలి ఫ్యాను గీపెట్టడం మొదలుపెట్టింది. మౌస్ కదలడం మానేసింది. తెర మీద పీడనం అంకె మాత్రం పచ్చగా, నిలకడగా ఉంది. పనిలో పడింది కాబోలు అనుకుని ఆవిడ కుర్చీలో వెనక్కి వాలింది.

గోడ అవతల ఏదో సన్నగా ఈల వేస్తోంది.

బాయిలర్ చూసే పెద్దాయన, మిల్లంతా బాబాయ్ అని పిలిచే మనిషి, తలుపు తోసుకుని వచ్చాడు.

“ఏంటమ్మా, గేజీ ముల్లు ఎర్రగీత దాటేసింది. నీ సైరన్ నిద్రపోతోందా?”

ఆవిడ తెర మూలనున్న గడియారం చూసింది. అది ఎప్పుడో ఆగిపోయింది. పచ్చటి అంకె కూడా అప్పటిదే.

“బాబాయ్, చేత్తో మంట ఆపెయ్! ఇది ఆపదు!”

ఆయన పరిగెత్తాడు. ఆవిడ పవర్ బటన్ నొక్కి పట్టుకుంది. తెర నల్లబడినా ఈల ఆగలేదు. అంతలో నేల అదిరింది. తలుపు కింద నుంచి తెల్లటి ఆవిరి గదిలోకి పాకుతూ వచ్చింది.

బాబాయ్ అప్పటికే మంట ఆపేశాడు కాబట్టే మిల్లు నిలబడింది. పగిలిన పైపులోంచి ఎగజిమ్మిన ఆవిరికి ఆయన కుడిచెయ్యి కాలిపోయింది.

విచారణలో ఆవిడ ఏమీ దాచకుండా “నేనే పెంచాను” అంది. మరిది ఒక్క మాటైనా దెప్పకుండా సైరన్‌కి విడిగా మరో కంప్యూటర్ బిగించాడు.

ఆస్పత్రిలో బాబాయ్ కట్టు కట్టిన చేతిని దిండు మీద సర్దుకున్నాడు.

“అంత తొందరేమొచ్చింది తల్లీ?”

ఆ గొంతులో కోపం లేదు. ఆవిడ దిండును ఆయన చేతి కిందికి ఇంకాస్త జరిపింది.