జీపు తాగిన ఆముదం

మా అత్తకు పిల్లలు ముగ్గురని మా ఊరు సెయింట్ పియర్‌లో అందరూ ఆటపట్టించేవారు. మా ఆయన, మా ఆడపడుచు, మా జీపు. యుద్ధం అయ్యాక సైన్యం వదిలించుకున్న బండి అది. చెరకు తోటల బురదదారుల్లో ఎరువు బస్తాలు మోసేది, భజనకు వెళ్ళేవాళ్ళను మోసేది, పెళ్ళయ్యాక మా పుట్టింటి ఊరు ట్రియోలే నుంచి నన్నూ మోసుకొచ్చింది. ఆ రోజు కొత్త పెళ్ళికూతురినని కూడా చూడకుండా నన్ను వెనక కూర్చోబెట్టి, ముందు సీట్లో అత్త కూర్చుంది. అది నేను మరచిపోతానా?

జీపు వెనకవైపు, రెండు చక్రాల నడుమ, ఇరుసు మీద గుండ్రంగా ఉబ్బిన ఇనుప డిప్ప ఒకటి ఉండేది. డిఫరెన్షియల్ అంటారు. ఇంజను బలాన్ని చక్రాలకు పంచే పళ్ళచక్రాలు అందులో నూనెలో మునిగి తిరుగుతుంటాయి. అత్తకు మాత్రం అది జీపు మొహం. పండగ వచ్చిందంటే దానికి పసుపు పూసి, మధ్యలో ఉన్న బిరడా మీద పెద్ద కుంకుమబొట్టు పెట్టేది. మొహం ముందువైపు ఉంటుంది కదా అని నేనంటే, "ముందున్నవి దీపాలే పిల్లా. మొహం ఎనక ఉంది" అనేది.

మా ఆయన ఒకసారి బండికి ఆకుపచ్చ రంగు వేశాడు. పసుపు గీకితే తల్లి ఊరుకోదని భయపడి, పసుపు మీదే, బొట్టు మీదే రంగు పూసేశాడు. మరుసటి పండక్కి అత్త ఆ రంగు మీద మళ్ళీ పసుపు పూసింది. ఆ తల్లీకొడుకుల్లో ఎవరికీ అప్పుడు తట్టనిదేమిటంటే, కొత్త నూనె పోయాల్సింది ఆ బొట్టు కిందున్న బిరడా తీసే.

ఈ దీవిలో ఇంగ్లీషువాళ్ళ జెండా దిగి మా జెండా ఎగరబోతున్న ఏడాది అది. మా ఆడపడుచు లాల్మతీలో కాపురం. తొలికాన్పుకు పుట్టింటికి తీసుకొద్దామని వెళ్ళిన జీపు, తుఫాను వానలకు పొంగిన వాగులో ఇరుసు దాకా మునిగి, ఖాళీగా తిరిగొచ్చింది. ఆడపిల్ల అక్కడే పుట్టింది. నా ఇంట్లో పుట్టాల్సిన బిడ్డ అని అత్త కుమిలిపోయింది. ఇక ఆమెకు మిగిలింది ఒక్కటే. మా ఇళ్ళలో పురుడు రోజున బిడ్డ మాడుకు తొలి ఆముదం అమ్మమ్మే పెట్టాలి. మధ్యాహ్నం స్నానం వేళకు అమ్మమ్మ రాకపోతే నాయనమ్మ పెట్టేస్తుంది. అత్త చేనుగట్టున పెరిగే ఆముదం కాయలు, ఇక్కడివాళ్ళు తాంతాం అంటారు, ఏరి, ఎండబెట్టి, గింజలు వేయించి, దంచి, కాచి చిన్న సీసాడు నూనె తీసింది. ఆ సీసాను మమ్మల్ని ముట్టుకోనిచ్చేది కాదు.

పురుడు సరిగ్గా జెండా మారే రోజునే పడింది. ఊళ్ళోని బస్సులూ లారీలూ పొద్దున్నే జనంతో పట్నం వైపు పోయాయి. లాల్మతీకి వెళ్ళాలంటే మాకు జీపే గతి. ఎప్పుడో చూడాల్సిన నూనెను మా ఆయన ఆ పొద్దునే చూశాడు. ఆయన పద్ధతే అంత, పీకల మీదికి వస్తే గానీ చెయ్యి కదలదు. కింది బిరడా విప్పగానే నూనె పాలు కలిపిన టీలా జారింది. వాగు నీళ్ళు లోపలికి చేరాయన్నమాట. దాంతో పాటు కుళ్ళిన గుడ్డు కంపు, మా అందరి బట్టలకూ పట్టేసింది.

"మంచిపని చేసినావు. కుండ కాళీ చేసినాకే కొత్తనీళ్ళు పొయ్యాల" అని అత్త మెచ్చుకుంది.

కొత్త నూనె డబ్బా పట్టుకుని ఆయన పై బిరడాకు పానా తగిలించాడు. అది కదల్లేదు. సుత్తితో కొట్టాడు, కాలితో తన్నాడు. "అయో, లి కోలే! అతుక్కుపోనాదమ్మా!" అని ఆముదం తాగిన మొహం పెట్టాడు. పాత నూనె నేల పాలైంది, కొత్తది లోపలికి పోదు. నేను ఊరుకోలేక ఇద్దరినీ కలిపి దులిపేశాను. "మీ రంగూ మీ అమ్మ బొట్టూ కలిసి మూత పెట్టేశాయి. ముందు అది ఊడుతుందో లేదో చూసుకుని కిందది విప్పితే ఏం పోయేది?"

గీకితే పొరలు పొరలుగా రాలింది. పసుపు, రంగు, మళ్ళీ పసుపు. మర సందుల్లో తుప్పు మాత్రం అలాగే ఉంది. మా నాన్న ఎడ్లబండి ఇరుసు బిగుసుకుంటే వేడి ఆముదం పోసేవాడు. ఆ మాట నా నోటిదాకా వచ్చింది. అత్త ఒళ్ళో ఉన్న సీసాను చూసి మింగేశాను. మా ఆయన కూడా ఆ సీసా వైపే చూసి తల తిప్పుకున్నాడు.

మా చూపులు పట్టేసి అత్త లేచి వంటింట్లోకి వెళ్ళింది. గరిటెలో ఆముదం పొగలు కక్కుతుండగా తిరిగొచ్చింది.

"అత్తా, వద్దు" అన్నాను. నిజంగా ఏడుపొచ్చింది నాకు.

"ఎల్లకపోతే ఇది ఎవరి మాడుకి పెడతానే?" అని బిరడా చుట్టూ పోసేసింది. సీసాలో మిగిలిందీ కాచి పోసింది. కాసేపాగి, మా ఆయన మెల్లగా తట్టి తిప్పితే, కిర్రుమని కదిలింది. అత్త ఖాళీ సీసాను కుడి అరచేతిలో బోర్లించి, చివరి చుక్కలు రాలేదాకా పట్టుకుని, పిడికిలి మూసింది.

నేను గరాటు పట్టుకున్నాను, ఆయన గొట్టం పెట్టి నూనె పోశాడు. రంధ్రం అంచున పొర్లగానే బిగించాం. దారంతా జెండాలు ఊపుతూ జనం ఎదురొస్తున్నారు, అందరూ పట్నానికే. అత్త ఎవరికీ చెయ్యి ఊపలేదు. గతుకుల్లో ఎగిరిపడుతున్నా పిడికిలి విప్పి కడ్డీ పట్టుకోలేదు. వెనక సీట్లోంచి వంగి ఆమె భుజాలు పట్టుకుని లాల్మతీ దాకా నేనే ఆపాను.

మేం వెళ్ళేసరికి వియ్యపురాలు నూనెగిన్నెతో పీట మీద కూర్చుని ఉంది. అత్త ఎవరినీ పలకరించకుండా వెళ్ళి, పిడికిలి విప్పి, ఆ చేతిని మనవరాలి మాడు మీద ఆనించింది. తడి అంటీ అంటనంతే ఉంది. పిల్ల కళ్ళు మూసుకుంది.

"ఇదేటి వదినా, ఈ కంపు?" అంది వియ్యపురాలు.

"మా ఇంటి వాసన" అంది అత్త.

తిరిగి బయల్దేరేటప్పుడు నేను అలవాటుగా వెనక ఎక్కబోయాను. అత్త నా రెక్క పట్టుకుని ఆపింది.

"ముందు నువ్వు కూకో. నా బిడ్డ మొహం పక్కన నేను కూకుంటాను" అని, పైట దోపుకుని వెనక ఎక్కింది.