పగడానికి మొక్కిన రాగిపైసా

ఆదోని పత్తి వ్యాపారి పాండురంగయ్య ఇంటి హాల్లో ఒక గాజు తొట్టి, అందులో ఉప్పునీళ్ళు, ఒక పగడం. దాన్ని చూసుకునేది కోసిగి ప్రేమలత. వలసపోయిన రోజుల్లో, బెంగళూరు చేపల తొట్ల అంగడిలో నేల తుడుస్తూ నేర్చుకున్న పని. పెంపుడు పగడం నుంచి కోసిన రెండు వేళ్ళంత ముక్క, తొమ్మిదేళ్ళకు ఆమె చేతిలో అరచేతంత అయింది.

అది రాయి కాదు, ప్రాణి అని చెప్పీ చెప్పీ ఆమె నోరు అరిగిపోయింది. నీళ్ళు తగ్గినప్పుడల్లా వంటాయన కాశప్ప గుప్పెడు ఉప్పు వేసేవాడు.

"ఆవిరైపోయేది నీళ్ళే కాశప్పన్నా, ఉప్పు ఆడనే ఉంటాది. పొయ్యి మీద సారు ఇంకితే మళ్ళా ఉప్పేస్తావా?"

"నా సారు జోలికి రావద్దు మే!"

ఒక సోమవారం చూస్తే పగడం ముడుచుకుపోయి ఉంది. అంచున కండ కరిగి తెల్లటి గూడు బయటపడింది. పగడం ఒంట్లో కంటికి ఆనని నాచు కాపురముంటుంది. వెలుతురుతో అది వండిపెట్టేదే దాని కూడు. నీళ్ళు వేడెక్కితే ఆ నాచు వెళ్ళిపోతుంది. వేడి చూసింది, ఉప్పు చూసింది. రెండూ సరే. ఇసుకలో చెయ్యి పెడితే తగిలాయి, పచ్చబడ్డ పాత రాగిపైసలు, నాలుగు. ఉప్పునీళ్ళలో కరిగే రాగి పగడానికి విషం.

"ఎవురేసినారు ఇవి?"

"నేనే," అంది పాండురంగయ్య తల్లి శ్రీలక్ష్మమ్మ. "రైల్లో పోతూ తుంగభద్రలో వెయ్యమా? సముద్రుడు ఇంటికే వచ్చినాడాయె. శుక్రవారానికొకటి వేసినా. నీ పగడం నూరేళ్ళు బతకాలని మొక్కుకున్నానమ్మే."

"వందలేండ్లు బతికే జాతవ్వా ఇది! నీ రాగి నెలలోనే సంపుతాంది!"

అవ్వ ముఖం చిన్నబోయింది. ఎండనపడి వచ్చినప్పుడల్లా చల్లటి మజ్జిగ ఇచ్చే చెయ్యి అది. ప్రేమలత పైసలు తుడిచి ఆ చేతిలోనే పెట్టింది.

నీళ్ళన్నీ ఒక్కసారి మారిస్తే పగడం తట్టుకోలేదు. రోజుకు కొంచెం తీసి, కొత్త ఉప్పునీళ్ళు కలిపి పోసింది. గాజు మీద గీత గీసి చెప్పింది. "శుక్రవారం నీ చేతులు ఊరుకోవు గదా అవ్వా. నీళ్ళు దీని కిందికి దిగితే ఫిల్టరు నీళ్ళు పొయ్యి. ఇంకేమీ వద్దు."

శుక్రవారం అవ్వ తలస్నానం చేసి, పసుపు రాసిన చెంబుతో నీళ్ళు తెచ్చింది. రాగి చెంబు!

"అయ్యో దేవుడా! అవ్వా!" ప్రేమలత పరుగున వచ్చి చెంబు లాక్కుంది.

"మళ్ళా ఏమైందే?"

కాశప్ప నవ్వుతూ ప్లాస్టిక్ మగ్గు అందించాడు. అవ్వ గొణుక్కుంటూనే దానికీ పసుపు రాయబోయింది. ప్రేమలత చెయ్యి పట్టుకుంది. ముగ్గురూ చూస్తుండగా, దీపాల వేళకు, పగడం కండ మిగిలిన వైపు తిండి అందుకునే ఒక సన్నటి వేలు బయటికి చాచింది.

"ఆకలేస్తాందేమో," అంది అవ్వ. "కాశప్పా, అన్నం..."

"అవ్వా!"