గేటు దగ్గరి వైఫై అన్న

డాలస్ ఎయిర్‌పోర్ట్‌లో ఉరుముల వానకి ఫ్లైట్ ఆగిపోయిన రోజు కలిసిన ఆ అన్న పేరు నేను అడగలేదు. ఆయన ఒక్కచోట కూర్చోలేకపోవడం మాత్రం బాగా గుర్తుంది. మూసిన ల్యాప్‌టాప్‌ను గుండెకు ఆనించుకుని, దాని మీద వేళ్లతో దరువేస్తూ గేటు ముందు అటూ ఇటూ తిరుగుతున్నాడు.

నా ఆఫీస్ ల్యాప్‌టాప్‌లో వైఫై కనెక్ట్ అయినట్టే చూపిస్తోంది గానీ ఒక్క పేజీ తెరుచుకోవడం లేదు. నా విసుగు తెలుగులో బయటపడేసరికి ఆయన ఆగాడు.

"ముందు ఆఫీస్ వీపీఎన్ ఆఫ్ చేయండమ్మా. ఇప్పుడు మా చర్చి సైట్ అడ్రస్ చెప్తా, కొట్టండి. పాతకాలంది, అడ్రస్ పక్కన సెక్యూరిటీ తాళం గుర్తు కూడా ఉండదు. అలాంటిది కొడితేనే ఈ ఎయిర్‌పోర్ట్ వైఫై లాగిన్ పేజీ బయటికొస్తుంది."

వచ్చింది. నేను థాంక్స్ చెప్పేలోగా వెనక సీట్లో ఒక అమెరికన్ ఆవిడకి అదే చర్చి సైట్ కొట్టి చూపిస్తున్నాడు. ఆవిడ తర్వాత ఇంకొకాయనకి.

చివరికి నా పక్కన కూర్చున్నాడు, మోకాలు ఆడిస్తూ.

"లేఆఫ్ అయిందమ్మా. కొత్త కంపెనీవాళ్లు ఇవాళ మెయిల్ పెడతామన్నారు. గడువులోపు హెచ్-వన్ వీసా వాళ్ల పేరు మీదికి ట్రాన్స్‌ఫర్ కాకపోతే పిల్లల్ని స్కూల్ మాన్పించి ఇండియాకి బయల్దేరాలి."

అంటూనే ల్యాప్‌టాప్ తెరిచాడు. అందులో వైఫై ఆఫ్ చేసి ఉంది. చేతిలో ఫోన్ కూడా ఆఫ్‌లోనే ఉంది.

"అందరివీ చేశారు, మీది కనెక్ట్ చేసుకోలేదేంటన్నా?"

ఆయన మూత వేసేసి లేచాడు.

"కనెక్ట్ అయితే మెయిల్ చూడాలి కదమ్మా" అంటూ, గేటు చివర ల్యాప్‌టాప్‌తో కుస్తీ పడుతున్న ముసలాయన వైపు గబగబా నడిచాడు.