డీఎక్స్ ముందు ఖాళీ

రాప్తాడులో నా గదిలో కూర్చుని, ఉరవకొండలో ఒంటరిగా ఉండే రిటైర్డ్ లెక్కల సార్ పుస్తకాన్ని కంప్యూటర్‌లో టైప్‌సెట్ చేస్తున్నాను. ఇంటిగ్రల్ అనే లెక్క చివర వచ్చే డీఎక్స్ అనే రెండక్షరాల ముందు సన్నని ఖాళీ ఉండాలి. నేను కొడితే డీఎక్స్ పక్క అక్షరానికి అతుక్కుపోయేది. సార్ రోజూ పొద్దున్నే ఫోన్ చేసి, పేజీ పేజీకీ తప్పులు చెప్పేవారు. గంట పట్టేది. విసుక్కునేవాణ్ణి.

నిన్న రాత్రి, ఆ ఖాళీని తనంతట తానే సరిచేసే చిన్న కమాండ్ రాసి ఆరో చాప్టర్ పంపాను. ఈ రోజు మధ్యాహ్నం దాకా ఫోన్ రాలేదు. నేనే చేశాను.

“చూసినారా సార్?”

“చూసినాలేప్పా. ఒక తప్పూ ల్యాదు. ఇంగ మాట్లాడేకి ఏముండాది,” అని పెట్టేశారు.

పొద్దుటి నుంచి నేను మనిషితో మాట్లాడింది అంతే. సాయంత్రం ఏడో చాప్టర్‌లో నాలుగు చోట్ల డీఎక్స్‌ను నా చేత్తోనే అతికించి పంపాను.

అరగంటలో ఫోన్ మోగింది. “ఏమప్పా, మళ్లా ఐదు చోట్ల అతుక్కున్యాయే. పుస్తకం తీస్కో, చెప్తా.”

నేను అతికించింది నాలుగే. ఐదోది ఎక్కడుందని అడగలేదు. మీరైతే అడిగేవారా?