చక్రంలో చంద్రుడు

మా క్వార్టర్ వంటింటి కిటికీలోంచి చూస్తే నేను పనిచేసే బొగ్గుబాయి చక్రం కనిపించేది. మనుషుల్ని కిందికి దింపి పైకి తెచ్చే లిఫ్టు తాడు దాని మీదుగానే నడుస్తుంది. షిఫ్టు దిగే వేళకు చక్రం తిరగడం మొదలుకాగానే నా భార్య పొయ్యి మీద బియ్యం పెట్టేది. ఇన్నేళ్ల డ్యూటీలో చల్లారిన అన్నం పెట్టలేదు మహాతల్లి. ఒకసారి మోటరు చెడిపోయి చక్రం ఆగితే, నేను పైకొచ్చేదాకా ఆ కిటికీ వదల్లేదట.

తెలంగాణ రావడానికి కొంచెం ముందు, బాయి మూసేస్తారనీ చక్రం దింపేస్తారనీ తెలిసింది.

"ఏమయ్యా, ఊరోల్ల పెండ్లిళ్లన్నీ ఫోటోలు తీస్తవు. నాకు గా చక్రం ఫోటో ఒక్కటి తీసియ్యరాదు?" అంది.

"ఉత్త చక్రమేందే? చక్రంల సూర్యుడు కూసున్నట్టు తీస్త, చూడు!" అన్నాను. గొప్పలకు పోవడం నా పుట్టుబుద్ధి.

అన్నంత తేలిక కాదది. సూర్యుడు చక్రానికి సరిపోయేటట్టు కనబడాలంటే బాగా దూరంగా నిలబడాలి. దగ్గరికి పోతే చక్రం పెద్దదై సూర్యుడు చిన్నబోతాడు. పైగా ఆయన రోజూ ఒకే చోట కుంకడు. రోజూ సాయంత్రం కాలనీ వెనక మైదానంలో తిరిగి, నిలబడ్డ చోటల్లా ముగ్గుపిండితో గుర్తు పెట్టాను. "ముగ్గంత మైదానంల పోస్తే వాకిట్ల ఏం పొయ్యాలె?" అని ఆమె సణుగుడు. తర్వాత సెకండు షిఫ్టు పడింది, దాని వెనక నైట్ షిఫ్టు. ఆ రోజుల్లో మైదానం వైపు పోనేలేదు. ఏ రోజు ఎక్కడ నిలబడాలో లెక్క కుదిరింది కదా అని ధీమా.

అనుకున్న రోజు ఆమె కొత్త చీర కట్టుకుని మరీ వెంట వచ్చింది. సూర్యుడు ఎర్రగా దిగాడు, దిగాడు, చక్రాన్ని తాకకముందే మాయమయ్యాడు! మబ్బు కూడా లేదు. చూస్తే ఏముంది, పక్కన ఓపెన్‌కాస్టు గని తవ్వి పోసిన మట్టిగుట్ట. నేను రాని రోజుల్లో డంపర్లు మట్టి పోసీ పోసీ దాన్ని చక్రం కంటే ఎత్తుకు లేపాయి. సూర్యుడి నడక చూసుకున్నాను గానీ గుట్ట కూడా పెరుగుతుందని మరిచాను.

"దీని దుంపదెగ!" అని గుట్టను తిట్టిపోశాను.

ఆమె ఒకటే నవ్వు. "మీ కంపినీ గుట్టనే గదయ్యా, ఎవర్ని తిడ్తవు? ఎల్లుండి పున్నమి. సూర్యుడు గటు పోంగనే చంద్రుడు గిటు లేస్తడు. చక్రానికి అవుతల దిక్కు పోయి నిలబడుదాం." ప్రతి పున్నమికీ ఉపవాసం ఉండే మనిషికి తట్టింది, నాకు తట్టలేదు. చక్రం దింపేలోపు అదే ఆఖరి పున్నమి.

పున్నమి సాయంత్రం స్కూటర్ మీద అటు పోయాం. పొద్దు కుంకిన కాసేపటికి చంద్రుడు లేచి, మెల్లగా చక్రంలోకి వచ్చాడు. ఎంత ముద్దుగా ఉన్నాడో! నేను ఊపిరి బిగబట్టి నొక్కబోతుంటే చక్రం తిరగడం మొదలైంది. లోపల పంపులు విప్పుతున్నవాళ్లు పైకొస్తున్నట్టున్నారు. "ఆగవే, ఒక్క క్షణం ఆగవే!" అని చక్రాన్ని బతిమాలుతూనే నొక్కాను. చంద్రుడు బాగానే పడ్డాడు. చక్రం చువ్వలన్నీ అలికినట్టయ్యాయి. మళ్లీ నొక్కేలోపు చంద్రుడు దాటిపోయాడు.

కోపంగా వెనక్కి తిరిగితే ఆమె స్కూటర్ దగ్గరికి ఉరుకుతోంది. "జల్ది పా, చక్రం తిరుగుతున్నది, బియ్యం పెట్టాలె!" అని, పక్కనే ఉన్న నన్ను చూసి నాలుక కరుచుకుంది.

"ఫోటో ఖరాబైందే, తీసేస్త" అన్నాను.

కెమెరా గుంజుకుంది. "ముట్టినవంటే చూడు! ఆగిన చక్రం నాకెందుకయ్యా? అది తిరిగితెనే గద నువ్వు ఇంటికొచ్చుడు."